హుస్సార్యా జీటీ: పోలండ్ రేసు కారుకు దారి ఎక్కడ మూసుకుపోయింది?

2016 జనవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆటోస్పోర్ట్ ఇంటర్నేషనల్ ప్రదర్శనలో, పోలండ్ రాజధాని వార్సాకు చెందిన అర్రినెరా అనే చిన్న కంపెనీ హుస్సార్యా జీటీ పేరుతో ఒక రేసు కారును జనం ముందుకు తెచ్చింది. కార్ల తయారీలో మామూలుగా పాటించే క్రమం వేరు. ముందు రోడ్డు మీద తిరిగే కారు తయారవుతుంది, అది నలుగురి నోళ్లలో నానుతుంది, ఆ తర్వాత దానిలోని సీట్లు, తివాచీలు, స్పీకర్లు పీకేసి, వెనుక పెద్ద రెక్క బిగించి రేసులకు పంపుతారు. అర్రినెరా విషయంలో ఈ వరుస తిరగబడింది. రోడ్డు కారు ఉత్పత్తి మొదలు కాకముందే రేసు కారు సిద్ధమైంది. బయటివారికి ఇది ప్రచార యావగా కనిపించి ఉండవచ్చు. నిజానికి ఆ నిర్ణయం వెనుక గట్టి లెక్కే ఉంది. అయితే కంపెనీని చివరికి ఇరకాటంలో పెట్టిన మెలిక కూడా అదే లెక్కలో దాగి ఉంది. ఆ మెలికను విప్పి చూస్తే ఒక చిన్న తయారీదారు రేసింగ్ సూపర్‌కారు చేయడానికి పూనుకుంటే ఎదురయ్యే అసలు అడ్డంకులేమిటో తెలుస్తుంది. చిత్రమేమిటంటే, వాటిలో వేగానికి సంబంధించినవి చాలా తక్కువ.

అర్రినెరా కథ 2008లో మొదలైంది. వూకాష్ టొమ్కేవిచ్ అనే వ్యాపారవేత్త పోలండ్‌లో తొలి సూపర్‌కారు తయారు చేయాలన్న సంకల్పంతో ఈ పనికి దిగారు. 2011లో మొదటి నమూనా బయటికి వచ్చింది. తన పేరుతోనే స్పోర్ట్స్ కార్ల కంపెనీ నడిపిన బ్రిటిష్ ఇంజినీరు లీ నోబుల్ సలహాలు కూడా ఈ ప్రాజెక్టుకు అందాయి. డ్రైవరు వెనుక, వెనుక చక్రాలకు ముందు ఇంజిన్ ఉండే అమరిక, పైకి కత్తెరలా తెరుచుకునే తలుపులు, జనరల్ మోటార్స్ నుంచి కొని తెచ్చిన 6.2 లీటర్ల వీ8 ఇంజిన్, గంటకు 340 కిలోమీటర్ల వేగం అందుకుంటుందన్న కంపెనీ ప్రకటన: ఇవీ రోడ్డు కారు ముఖ్య లక్షణాలు. పేరు మాత్రం అచ్చంగా పోలండ్ చరిత్ర నుంచి తీసుకున్నది. 1605లో కిర్హోల్మ్ యుద్ధంలోనూ, 1683లో వియన్నా ముట్టడిని ఛేదించడంలోనూ పేరు మోసిన రెక్కల అశ్వికదళం హుస్సార్లు. చెక్క చట్రాలకు ఈకలు అమర్చి వీపునో జీనుకో తగిలించుకున్న ఆ రౌతుల బొమ్మ పోలండ్‌లో ప్రతి బడిపిల్లవాడికీ తెలుసు. ఆ పేరు పెట్టగానే కారు ఒక కంపెనీ సరుకుగా కాక దేశ గౌరవానికి సంబంధించిన విషయంగా మారిపోయింది. దీనివల్ల పత్రికల్లో చోటు తేలికగా దొరికింది, విమర్శ కూడా అంతే ఘాటుగా వచ్చింది.

పోలండ్‌కు కార్ల తయారీ కొత్తేమీ కాదు. టిహీలో ఫియట్, గ్లివిత్సెలో ఓపెల్, పోజ్నాన్‌లో ఫోక్స్‌వాగన్ కర్మాగారాలు పనిచేశాయి. అయితే ఇవన్నీ పరాయి పేర్ల మీద నడిచినవే. కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో వార్సా శివారు జెరాన్‌లోని ఎఫ్ఎస్ఓ కర్మాగారం ప్రధానంగా ఇటలీ లైసెన్సుల మీద ఆధారపడి కార్లు చేసింది. 1960లో సిరేనా స్పోర్ట్ అనే అందమైన నమూనా ఒకటి తయారైనా ఉత్పత్తికి వెళ్లలేదు, తర్వాత దాన్ని ధ్వంసం చేసేశారు. 1970ల చివర్లో మరో వింత జరిగింది. అప్పటి ప్రధానమంత్రి పియోత్ర్ యారోషెవిచ్ కుమారుడు ఆంద్జేయ్ ర్యాలీ డ్రైవరు. ఆయన నడిపిన లాన్చా స్ట్రాటోస్ కారు ప్రమాదంలో దెబ్బతింటే, దాని ఫెరారీ వీ6 ఇంజిన్‌నూ ఇతర భాగాలనూ తీసి, ఎఫ్ఎస్ఓ ఇంజినీర్లు పొలోనేజ్ అనే మామూలు కుటుంబ కారు మధ్యలో బిగించారు. స్ట్రాటోపొలోనేజ్ అని పిలిచే ఆ ఒక్కగానొక్క కారు రేసుల్లో పాల్గొంది కూడా. అది ప్రధాని ఇంటి పలుకుబడి ఉండబట్టి సాధ్యమైన ముచ్చట. ఒకే ఒక కారు చేయడానికీ, పది మందికి అమ్మదగ్గ కారు చేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో పోలండ్ ఇంజినీర్లు అప్పటికే రుచి చూశారన్నమాట. 2011లో ఎఫ్ఎస్ఓ కార్ల ఉత్పత్తి ఆగిపోయింది. అర్రినెరా తన మొదటి నమూనా చూపించింది సరిగ్గా ఆ ఏడాదే.

రేసు కారు ముందు ఎందుకు అన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. యూరప్‌లో ఒక కారును రోడ్డు మీదికి తేవాలంటే టైప్ అప్రూవల్ అనే ప్రభుత్వ ఆమోదం కావాలి. పొగ, చప్పుడు, బ్రేకులు, దీపాల ఎత్తు, అద్దాలు, సీటు బెల్టుల బిగింపులు, స్టీరింగ్ ప్రమాదంలో ఛాతీకి తగిలే తీరు, చివరికి రేడియో తరంగాల జోక్యం వరకూ ప్రతిదానికీ ఒక పరీక్ష ఉంటుంది. కొద్ది సంఖ్యలో కార్లు చేసేవారికి కొన్ని సడలింపులున్న మాట నిజమే. కానీ సడలింపు అంటే మినహాయింపు కాదు. ఒక్కొక్క పరీక్షకూ ప్రయోగశాల రుసుము, నమూనా కార్లు, నెలల తరబడి సమయం కావలసిందే. అమెరికన్ ఇంజిన్‌ను యూరప్ కాలుష్య నిబంధనలకు లోబడేలా కొత్త శరీరంలో మళ్లీ ట్యూన్ చేయడమే ఒక పెద్ద పని. పైగా ఆ నిబంధనలు కొన్నేళ్లకోసారి మరింత బిగుసుకుంటాయి. ఒక గడువు దాటిపోతే, అంతవరకు చేసిన పని కొంత వృథా అవుతుంది.

రేసు కారుకు ఈ బాధల్లో చాలా వాటి నుంచి విముక్తి. దానికి ఎయిర్‌బ్యాగులు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు, తలుపు మూసినప్పుడు ఖరీదైన చప్పుడు రావలసిన అవసరమూ లేదు. డ్రైవరు భద్రతను పరీక్షాశాలలో గోడకు గుద్ది చూపనక్కర్లేకుండా, ఉక్కు గొట్టాల పంజరం, ఆరు పట్టీల బెల్టు, అగ్నిమాపక వ్యవస్థ, మంటలకు తట్టుకునే ఇంధన ట్యాంకు వంటి నిర్ణీత ఏర్పాట్లతో తీర్చవచ్చు. ఒక చిన్న జట్టు రెండు మూడేళ్లలో రోడ్డు కారును పూర్తి చేయలేకపోవచ్చుగానీ, కదిలే రేసు కారును చేయగలదు. కదిలే కారు ఉంటే పెట్టుబడిదారుకు చూపించవచ్చు, పత్రికలకు ఫోటోలు ఇవ్వవచ్చు, ఛాసిస్ (కారు చట్రం) గురించి నిజమైన కొలతలు సేకరించవచ్చు. అర్రినెరా వార్సా స్టాక్ ఎక్స్చేంజ్ నడిపే న్యూకనెక్ట్ అనే చిన్న కంపెనీల మార్కెట్‌లో ఉండేది కాబట్టి, ఎప్పటికప్పుడు చెప్పుకోదగిన అడుగు ఒకటి వేయడం దానికి మరింత అవసరం. రోడ్డు కారు ఉత్పత్తికి అది ప్రకటించిన తేదీలు ఒకటి తర్వాత ఒకటి జరిగిపోతూ ఉన్న రోజుల్లో, రేసు కారు కనీసం కళ్లెదుట నిలబడిన వస్తువు.

ఆ వస్తువు ఎలాంటిదో చూద్దాం. హుస్సార్యా జీటీకి ఎముకల గూడు ఉక్కు గొట్టాలతో చేసిన చట్రం. విమాన పరిశ్రమ కోసం బ్రిటన్‌లో రూపొందిన టీ45 రకం ఉక్కును దానికి వాడారు. ఫెరారీ, మెక్‌లారెన్ వంటివి అల్యూమినియం, కార్బన్ ఫైబర్ చట్రాల మీద కార్లు కడుతున్న కాలంలో గొట్టాల చట్రం పాత పద్ధతిలా కనిపిస్తుంది. అయినా ఒక చిన్న కంపెనీకి ఇది తెలివైన ఎంపిక. కార్బన్ ఫైబర్ తొట్టె చేయాలంటే ముందుగా ఖరీదైన అచ్చులు పోయాలి. రేపు ఇంజిన్‌ను రెండు అంగుళాలు వెనక్కు జరపాలనిపిస్తే ఆ అచ్చు పనికిరాదు. గొట్టాల చట్రంలో అయితే ఒక గొట్టం కోసి మరోచోట వెల్డింగ్ చేస్తే సరిపోతుంది. రేసులో దెబ్బ తగిలినా దగ్గర్లోని మంచి వెల్డరు దాన్ని బాగు చేయగలడు. శరీరపు పలకలు మాత్రం తేలికైన మిశ్రమ పదార్థాలవి. కారు చుట్టూ గాలి ప్రవాహాన్ని బ్రిటన్‌లోని మీరా సంస్థ గాలి సొరంగంలో పరీక్షించారు. ముందు బంపరు కింద నేలను దాదాపు ఆనుకుని ఉండే పలక, వెనుక అడుగున పైకి వంపు తిరిగిన డిఫ్యూజరు, పైన రెక్క, ఈ మూడూ కలిసి వేగం పెరిగేకొద్దీ కారును రోడ్డుకు అదిమి పెడతాయి. ముందు పట్టు, వెనుక పట్టు సమంగా లేకపోతే మలుపులో కారు మొండికేస్తుంది లేదా తోక తిప్పుతుంది. గాలి సొరంగంలో గంటలకు గంటలు ఖర్చయ్యేది ఈ సమతూకం కోసమే.

ఇంజిన్ విషయంలో కూడా అదే వివేకం కనిపిస్తుంది. షెవ్రొలే కార్వెట్‌లో వాడే వీ8 కుటుంబం నుంచి ఇంజిన్ ఎంచుకోవడాన్ని కొందరు ఎగతాళి చేశారు, పోలండ్ కారుకు అమెరికా గుండె ఏమిటని. కానీ ఆ ఇంజిన్‌లో కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ పైన కాకుండా మధ్యలోనే ఉంటుంది కాబట్టి దాని ఎత్తు తక్కువ, బరువు కారు అడుగుభాగానికి దగ్గరగా ఉంటుంది. దాని విడిభాగాలు ప్రపంచమంతా దొరుకుతాయి, దాన్ని విప్పి కట్టడం తెలిసిన మెకానిక్‌లూ దొరుకుతారు. సొంత ఇంజిన్ తయారు చేయాలంటే కావలసిన డబ్బు అర్రినెరా స్థాయి కంపెనీ జీవితకాలంలో చూడనంత. దీనికి బ్రిటన్‌కు చెందిన హ్యూలాండ్ కంపెనీ సీక్వెన్షియల్ గేర్‌బాక్స్‌ను జోడించారు. అందులో గేర్లు ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే పడతాయి. లోపల పళ్లచక్రాలను కలపడానికి రోడ్డు కార్లలో ఉండే మెత్తని సింక్రోనైజర్లకు బదులు దిట్టమైన కొక్కేల వంటి పళ్లుంటాయి కాబట్టి, గేరు మారిన ప్రతిసారీ సుత్తితో కొట్టినట్టు ఒక చప్పుడుతో పడుతుంది. సెకనులో చిన్న భాగంలో మారుతుంది. ఇలా చూస్తే హుస్సార్యా జీటీలో తెలిసినవారు ముక్కు విరవదగిన భాగం దాదాపు లేదు.

మరి చిక్కు ఎక్కడ? ఈ కారును జీటీ3 తరగతి కోసం ఉద్దేశించడంలో ఉంది. 2006లో స్టెఫాన్ రాటెల్ ఆధ్వర్యంలోని ఎస్ఆర్ఓ సంస్థ, అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ కలిసి ప్రారంభించిన ఈ తరగతి తొందరలోనే ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయే రేసు కార్ల తరగతుల్లో ఒకటైంది. పోర్షే, ఫెరారీ, మెర్సిడెస్, ఔడీ, బీఎండబ్ల్యూ, లాంబోర్గినీ, ఆస్టన్ మార్టిన్ అన్నీ ఇందులో ఉన్నాయి. ముందు ఇంజిన్ ఉన్న మెర్సిడెస్, వెనుక ఇంజిన్ ఉన్న పోర్షే, పది సిలిండర్ల లాంబోర్గినీ పక్కపక్కన పోటీ పడాలంటే వాటిని ఎవరో సమం చేయాలి. ఆ పనిని బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అనే విధానం చేస్తుంది. నిర్వాహకులు ప్రతి కారునూ పరీక్షించి, వేగంగా ఉన్నదానికి అదనపు బరువు కడతారు, ఇంజిన్ పీల్చే గాలికి ఇరుకు వలయం బిగిస్తారు, టర్బో ఉంటే దాని ఒత్తిడి తగ్గిస్తారు, నేల నుంచి కారు ఎత్తును పెంచుతారు. నెమ్మదిగా ఉన్నదానికి ఆ భారం తగ్గిస్తారు.

ఈ విధానం గురించి తెలియని పాఠకుడికి ఒక విషయం వింతగా తోస్తుంది. ఈ తరగతిలో అందరికన్నా శక్తిమంతమైన కారు చేయడం వల్ల ఏమీ ఒరగదు. కార్లన్నీ సుమారు 500 నుంచి 600 హార్స్‌పవర్ మధ్యకు వచ్చి చేరతాయి. రోడ్డు కారు ప్రకటనలో గొప్పగా రాసుకునే హార్స్‌పవర్ అంకెను నిర్వాహకులు ఒక చిన్న ఉక్కు వలయంతో కోసేస్తారు. అప్పుడు ఒక కారును మరోదాని నుంచి వేరు చేసేవి వేరే గుణాలు: టైర్లను ఎంత నెమ్మదిగా తింటుంది, బ్రేకులు ఆరు గంటల తర్వాత ఎలా ఉంటాయి, వానలో నడపడానికి భయం వేస్తుందా, రాత్రి పూట డ్రైవరు అలసిపోయాక కూడా క్షమిస్తుందా. ఈ చివరి గుణానికి మార్కెట్‌లో అన్నిటికన్నా ఎక్కువ విలువ. ఎందుకంటే జీటీ3 కార్లు కొనేవారిలో చాలామంది వృత్తి డ్రైవర్లు కాదు. వారు వ్యాపారాల్లో డబ్బు సంపాదించి, సొంత ఖర్చుతో, పక్కన ఒక వృత్తి డ్రైవరును పెట్టుకుని రేసుల్లో దిగే ఔత్సాహికులు. ఎఫ్ఐఏ డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని వర్గీకరిస్తుంది; ఈ వ్యాపారం నడిచేది ఎక్కువగా చివరి మెట్టైన బ్రాంజ్ డ్రైవరు జేబు మీద.

అలాంటి కొనుగోలుదారు ముందు అర్రినెరా అమ్మకందారును నిలబెట్టి చూడండి. 2016 సీజన్ కోసం పోర్షే తన 911 జీటీ3 ఆర్ రేసు కారును పన్నులు కాక 4,29,000 యూరోలకు అమ్మింది. అప్పటి మారకం ప్రకారం అది మూడు కోట్ల రూపాయలు దాటుతుంది. ఆ డబ్బుకు వచ్చేది కారు ఒక్కటే కాదు. ప్రతి పెద్ద రేసుకూ పోర్షే విడిభాగాల లారీ వెంట వస్తుంది. శనివారం మధ్యాహ్నం, రేసును ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో డ్రైవరు ట్రాక్ అంచు రాయి మీదుగా దూకితే ముందు కింది పలక విరుగుతుంది, దాని వెనుకనున్న రేడియేటరుకు గాలి మళ్లించే గొట్టం చీలుతుంది. మెకానిక్ నడుచుకుంటూ లారీ దగ్గరికి వెళ్లి, భాగం సంఖ్య చెప్పి, సంతకం చేసి కొత్తది తెచ్చుకుంటాడు. సాయంత్రానికి కారు సిద్ధం. అదే భాగం వార్సాలోని ఒక చిన్న షెడ్డులో అచ్చు మీద పరిచి చేయవలసి వస్తే, ఆదివారం రేసు పోయినట్టే. ఆ ఔత్సాహికుడు విమానం టికెట్లకూ హోటలుకూ పెట్టిన ఖర్చూ, కుటుంబానికి నచ్చజెప్పి సంపాదించిన వారాంతమూ పోయినట్టే. అందువల్ల రేసు కారు వ్యాపారం పైకి వస్తువుల అమ్మకంలా కనిపించినా లోపల అది సేవల వ్యాపారం. పోర్షేకు ఉన్నది కారు కన్నా ముందు ఆ లారీ.

ఇంతకన్నా కఠినమైన అడ్డంకి నిబంధనల్లో ఉంది. జీటీ3 కారు స్వతంత్రంగా పుట్టకూడదు. అది రోడ్డు మీద అమ్ముడయ్యే కారు నుంచి రావాలి, ఆ మూల కారు వివరాలు ఎఫ్ఐఏ పత్రాల్లో నమోదై ఆమోదం పొందాలి. ఈ ప్రక్రియనే హోమోలోగేషన్ అంటారు. అంతేకాక ఆమోదం పొందిన రేసు కారును తయారీదారు నిర్ణీత వ్యవధిలో కనీస సంఖ్యలో తయారు చేసి చూపాలి. ఒకరిద్దరు ధనవంతుల కోసం ఒకటి రెండు కార్లు చేసి తరగతిని చెడగొట్టకుండా పెట్టుకున్న కట్టుబాటు ఇది, దాని ఉద్దేశంలో తప్పేమీ లేదు. కానీ అర్రినెరా స్థితిని చూస్తే, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత గుర్తుకొస్తుంది. రోడ్డు కారు చేయడానికి డబ్బు కావాలి, ఆ డబ్బునూ నమ్మకాన్నీ రేసు కారు తేవాలి. రేసు కారు అసలు తరగతిలో పోటీ పడాలంటే రోడ్డు కారు ముందే ఉత్పత్తిలో ఉండాలి. రోడ్డు కారును 33 కార్ల పరిమిత శ్రేణిగా హుస్సార్యా 33 పేరుతో తెస్తామని కంపెనీ ప్రకటించింది. ఈ సంఖ్యతో కొనుగోలుదారుకు ఇది అరుదైన కారన్న భావన కలుగుతుందిగానీ, నిబంధనల దృష్టిలో బలం మాత్రం రాదు.

హోమోలోగేషన్ లేని కారుకు దారులు పూర్తిగా లేవని కాదు. బ్రిటన్‌లోనూ ఇతర దేశాల్లోనూ కొన్ని జాతీయ స్థాయి సిరీస్‌లు ఆహ్వాన తరగతుల కింద ఇలాంటి కార్లను అనుమతిస్తాయి. అయితే అక్కడ గెలిచినా పాయింట్లు దక్కకపోవచ్చు, టీవీ ప్రసారం దొరకకపోవచ్చు; కొనుగోలుదారుకు అంతకన్నా ముఖ్యమైన విషయం, కారును రెండేళ్ల తర్వాత మళ్లీ అమ్ముకునే వీలు ఉండదు. ఆమోదం పొందిన పాత ఫెరారీకి ఏదో ఒక దేశంలో గిరాకీ ఉంటుంది. ఆమోదం లేని కారు పాతబడితే అలంకారంగా మిగిలిపోతుంది.

2016 వేసవిలో హుస్సార్యా జీటీ ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్‌లో కొండ ఎక్కింది. స్టీరింగ్ వెనుక స్కాట్లండ్‌కు చెందిన అనుభవజ్ఞుడైన రేసర్ ఆంథొనీ రీడ్ ఉన్నారు. ఒక జమీందారీ భవనం ముందు నుంచి, ఇరువైపులా గడ్డి మోపుల మధ్య, సుమారు 1.86 కిలోమీటర్లు సాగే ఇరుకు దారి అది. మంచి కారు నిమిషంలోపే దాన్ని ముగిస్తుంది. వేలాది మంది చూస్తారు, ఫోటోలు దేశదేశాలకూ వెళ్తాయి. రెండేళ్ల తర్వాత 2018లో ముంబైకి చెందిన వజీరానీ సంస్థ కూడా తన షుల్ నమూనాను ఇక్కడే ఆవిష్కరించింది. చిన్న తయారీదారులందరికీ ఇది ప్రియమైన వేదిక. అయినా ఒక నిమిషం పరుగు ఇంజిన్ వేడిని, గేర్‌బాక్స్ ఓర్పును, బ్రేకుల అరుగుదలను పరీక్షించదు. ఆ పరీక్షలకు సర్క్యూట్ మీద, అంటే రేసు ట్రాక్ మీద, వేల కిలోమీటర్ల పరుగు కావాలి. పోలండ్‌లో అంతర్జాతీయ స్థాయి శాశ్వత సర్క్యూట్ అంటే 1977లో ప్రారంభమైన తోర్ పోజ్నాన్ ఒక్కటే చెప్పుకోదగ్గది, దాని పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. బ్రిటన్‌లో సిల్వర్‌స్టోన్ రేసు ట్రాక్ చుట్టుపక్కల గేర్‌బాక్సులు చేసేవారు, షాక్ అబ్జార్బర్లు ట్యూన్ చేసేవారు, రేసు ఇంజినీర్లు ఒకరికొకరు కూతవేటు దూరంలో ఉంటారు. హుస్సార్యా జీటీలో బ్రిటిష్ భాగాలూ బ్రిటిష్ పరీక్షలూ అంత ఎక్కువగా ఉండటానికి కారణం పోలండ్‌లో ప్రతిభ లేకపోవడం కాదు. ఈ వృత్తులవారంతా అక్కడ ఒకచోట లేకపోవడం.

జీటీ3 ఆమోదం పొందిన కార్ల జాబితాలో హుస్సార్యా చేరలేదు. రోడ్డు కారు కూడా ప్రకటించిన ఉత్పత్తి దశకు చేరుకోలేదు. ఇలాంటి అనుభవం అర్రినెరా ఒక్కదానిది కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ కంపెనీ ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు వరకు వెళ్లి పోటీ పడినా 2014లో దివాలా తీసింది. అమెరికాకు చెందిన జేమ్స్ గ్లికెన్‌హాస్ మాత్రం వేరే దారి పట్టారు. ఆయన తన ఎస్‌సీజీ 003 కారును జీటీ3లో ఇరికించే ప్రయత్నం చేయకుండా, జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసులో ప్రత్యేక కార్ల కోసం ఉన్న తరగతిలో నడిపారు. 2017లో ఆ కారు పెద్ద కంపెనీలన్నిటినీ దాటి మొదటి స్థానం నుంచి రేసు ప్రారంభించింది. తర్వాత లె మాన్ కొత్త హైపర్‌కార్ తరగతిలో రోడ్డు కార్లు తప్పనిసరిగా అమ్మాలన్న షరతు తొలగిపోయినప్పుడు ఆయన జట్టు అందులోకి దిగి, 2022లో టొయోటాల వెనుక మూడో స్థానం సంపాదించింది. అయితే గ్లికెన్‌హాస్ వెనుక దశాబ్దాల సొంత సంపద ఉంది. చిన్న మదుపుదారుల డబ్బుతో నడిచే కంపెనీకి ఆ ఓపిక దొరకదు.

పోలండ్‌కు లె మాన్ విజయం కూడా దక్కింది, కానీ మరో దిక్కు నుంచి. ఇంటర్ యూరోపోల్ అనే బ్రెడ్డు తయారీ సంస్థ అండతో నడిచే రేసు జట్టు 2023లో, లె మాన్ పోటీ నూరేళ్ల వేడుక జరుపుకున్న ఏడాదిలో, రేసుల కోసమే తయారయ్యే కార్లు పోటీ పడే ఎల్ఎంపీ2 తరగతిలో గెలిచింది. యజమాని కుటుంబానికి చెందిన యాకుబ్ స్మియెహోవ్స్కీ, స్పెయిన్‌కు చెందిన ఆల్బెర్ట్ కోస్టా, స్విట్జర్లండ్‌కు చెందిన ఫాబియో షెరర్ ఆ కారును నడిపారు. రేసు తొలి గంటల్లోనే పిట్‌లో, అంటే ఇంధనం, టైర్ల కోసం కార్లు ఆగే చోట, మరో జట్టు కారు చక్రం షెరర్ పాదం మీదుగా వెళ్లింది. అయినా ఆయన తన వంతులు తాను నడిపారు. వారి కారు ఫ్రాన్స్‌కు చెందిన ఓరెకా సంస్థ తయారు చేసినది, అందులో ఇంజిన్ బ్రిటన్‌కు చెందిన గిబ్సన్‌ది. ఆ తరగతిలో ఛాసిస్ ధరపై పరిమితి ఉంది, ఇంజిన్ అందరికీ ఒకటే, విడిభాగాలు ఓరెకా లారీలో దొరుకుతాయి. ఆ జట్టు తన డబ్బును, శ్రమను పూర్తిగా మెకానిక్‌ల మీద, పిట్ స్టాపుల మీద, డ్రైవర్ల మీద పెట్టగలిగింది.